మడత తప్పిన ప్రొటీనూ, మాంగనీసు రేవూ

నాడీకణాలు ఏళ్ళ తరబడి క్షీణించి నశించే వ్యాధులన్నిటికీ మూలం మడత తప్పిన ప్రొటీనేనని, దాన్ని మెదడులోంచి తొలగించగలిగిన నాడు అల్జీమర్స్, పార్కిన్సన్ వంటి జబ్బులు వాటంతటవే తోక ముడుస్తాయని గత మూడు దశాబ్దాలుగా వైద్యశాస్త్రంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పాఠ్యపుస్తకాలు దీన్ని దాదాపు సూత్రంలా వల్లె వేయిస్తున్నాయి. పత్రికల ఆరోగ్య పేజీలు మరింత సులువు చేసి, మెదడులో చెత్త పేరుకోవడమే మతిమరుపు అని తేల్చేస్తున్నాయి. ఔషధ కంపెనీలు ఆ చెత్తను ఊడ్చే ఇంజెక్షన్లను లక్షల రూపాయల ధరకు మార్కెట్లో పెడుతున్నాయి. ఈ వాదంలో నిజమే లేదనడం అవివేకం. అయితే నిజంలో ఒక పాలును మొత్తం నిజంగా చలామణీ చేయడం వల్ల జరిగే నష్టం విశాఖపట్నం వంటి ఊరిలో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ ఊరి రేవు కట్టడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి ఒక లోహపు ఖనిజాన్ని ఓడకెక్కించడం. ఆ లోహం ఏ ప్రొటీన్ ముద్దల అవసరమూ లేకుండానే మనిషిని పార్కిన్సన్ రోగిని పోలిన స్థితికి తేగలదని వైద్యులకు 1837 నుండి తెలుసు.

వాదాన్ని కాదనే ముందు దాని బలమెంతో చెప్పడం న్యాయం. ప్రొటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చుకున్న గొలుసు. కణంలోని యంత్రాంగం నుండి అది వేలాడే దారంలా బయటికి వస్తుంది గాని, దారంగా ఉన్నంతసేపూ దేనికీ కొరగాదు. నీళ్ళంటే గిట్టని పూసలు లోపలికి, నీళ్ళతో పొసిగేవి బయటికి సర్దుకుంటూ, కొన్నిచోట్ల మరమేకులా మెలితిరిగి, కొన్నిచోట్ల విసనకర్ర మడతల్లా పరుచుకొని, తనకే చెందిన ఒక ఆకృతికి వచ్చాకనే పనిలోకి దిగుతుంది. ఏ ఆకృతికి రావాలన్న ఆదేశం ఆ పూసల వరుసలోనే ఇమిడి ఉంటుందని రైబోన్యూక్లియేజ్ అనే చిన్న ఎంజైము మీద ప్రయోగాలతో చూపినందుకు క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్‌కు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షనాళికలో తీరిగ్గా జరిగే ఈ పని కిక్కిరిసిన కణంలో అంత సాఫీగా సాగదు. పక్కనున్న మరో గొలుసు వచ్చి అంటుకోవచ్చు, వేడికో వయసుకో వేసిన మడత విడిపోవచ్చు. అందుకే కణంలో చాపెరోన్లు అనే తోడు ప్రొటీన్లు ఉంటాయి. తప్పటడుగు వేసే గొలుసును పట్టుకొని మళ్ళీ దారిలో పెట్టడమే వాటి పని. కంటి కటకంలో ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ అటువంటిదే. అది తోటి ప్రొటీన్లను గడ్డకట్టకుండా ఎలా కాపాడుతుందో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనా సంస్థలో సీహెచ్. మోహనరావు బృందం ఏళ్ళ తరబడి శోధించింది. తోడు ప్రొటీన్ల చేతిని కూడా దాటిపోయిన గొలుసులు విసనకర్ర మడతలను ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ, విడదీయడానికి వీలులేని నూలుపోగుల్లా తయారవుతాయి. వీటినే అమైలాయిడ్ పోగులు అంటారు.

ఈ పోగులు జబ్బుపడిన మెదడులో కనబడటం కొత్త సంగతి కాదు. 1906 నవంబరులో జర్మనీలోని ట్యూబింగెన్ పట్టణంలో జరిగిన సమావేశంలో అలోయిస్ అల్జీమర్, జ్ఞాపకశక్తి చెదిరి చనిపోయిన ఒక స్త్రీ మెదడు పొరలకు వెండి లవణంతో రంగు పట్టించినప్పుడు కణాల బయట మచ్చలూ, కణాల లోపల చిక్కుపడిన దారాలూ కనబడ్డాయని వివరించాడు. 1984లో గ్లెన్నర్, వాంగ్ అనే ఇద్దరు ఆ మచ్చలలోని ప్రధాన పదార్థాన్ని విడదీశారు. దాని పేరు అమైలాయిడ్ బీటా. 1992లో హార్డీ, హిగిన్స్ ఆ పదార్థం పోగుపడటమే మొదటి మెట్టు అని, కణాల లోపలి చిక్కుదారాలూ కణాల చావూ మతిమరుపూ దాని వెంట మెట్లుమెట్లుగా దిగివస్తాయని ప్రతిపాదించారు. 1997లో పార్కిన్సన్ రోగుల నాడీకణాలలో కనబడే ల్యూయీ ముద్దలు ఆల్ఫా సిన్యూక్లిన్ అనే మరో ప్రొటీన్‌తో నిండి ఉన్నాయని తేలింది. ఆ విధంగా ఒక్కో జబ్బు ఎదుట ఒక్కో ప్రొటీన్ పేరు రాసిన పట్టిక సిద్ధమైంది. పరీక్షకు చదివే విద్యార్థికి ఆ పట్టిక ఎంతో సుఖంగా ఉంటుంది. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకున్న వైద్యుడికి అంత సుఖంగా ఉండదు.

వాదానికి ఉన్న గట్టి ఆధారాలు రెండు. మొదటిది ప్రియాన్. పాపువా న్యూ గినీలోని ఫోరే తెగవారిలో మృతుల మెదడును తినే ఆచారం ద్వారా వ్యాపించిన కురు వ్యాధిలో, వంకరగా మడతపడిన ప్రొటీన్ తనంత తానుగా పక్క ప్రొటీన్లను కూడా వంకర చేసుకుంటూ పోతుంది. ఇటువంటి ప్రొటీన్‌కు 1982లో ప్రియాన్ అని పేరుపెట్టిన స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ దక్కింది. అక్కడ ప్రొటీనే దోషి. ఎవరికీ సందేహం అక్కరలేదు. రెండోది వంశపారంపర్యం. అమైలాయిడ్‌కు మాతృక అయిన ప్రొటీన్ జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంటుంది. డౌన్ సిండ్రోమ్‌లో ఆ క్రోమోజోము మూడు ప్రతులుంటాయి గనుక నలభై ఏళ్ళకే మెదడు నిండా మచ్చలు తేలతాయి. ఐస్‌లాండ్ ప్రజలలో అమైలాయిడ్ ఉత్పత్తిని తగ్గించే ఒక అరుదైన జన్యుమార్పు ఉన్నవారికి వృద్ధాప్యంలో అల్జీమర్స్ నుండి రక్షణ ఉన్నట్టు 2012లో వెల్లడైంది. వీటిని కాదనలేం. కాని కురు ఒక తెగ జబ్బు, జన్యువు బలంతో చిన్న వయసులో వచ్చే అల్జీమర్స్ మొత్తం కేసుల్లో నూటికి ఒకటికి మించదు. మిగిలిన తొంభైతొమ్మిది మంది గురించి ఆ ఒక్కరి పేరుమీద తీర్పు చెప్పడంతోనే పేచీ మొదలవుతుంది.

ప్రొటీన్ ముద్దే జబ్బయితే, ముద్ద ఉన్నచోట జబ్బు ఉండాలి, ముద్ద పోయినచోట జబ్బు పోవాలి, ముద్ద లేనిచోట జబ్బు ఉండకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నిలబడలేదు.

అమెరికాలో డేవిడ్ స్నోడన్ 1986లో మొదలుపెట్టిన అధ్యయనంలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు ఏటేటా జ్ఞాపకశక్తి పరీక్షలకు కూర్చున్నారు, మరణానంతరం తమ మెదడును పరీక్షకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వారిలో 101 ఏళ్ళు జీవించి, చివరివరకూ పరీక్షల్లో చురుగ్గా జవాబులిచ్చిన ఒక సన్యాసిని మెదడును కోసి చూస్తే మచ్చలూ చిక్కుదారాలూ దండిగా కనబడ్డాయి. అంటే మెదడులో అల్జీమర్స్ ఉంది, మనిషిలో లేదు. ఇది ఏదో ఒక్కరి విడ్డూరమని తోసిపుచ్చేవారికి తెలుగునేల నుండే మరో జవాబు ఉంది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండు లేదా అంతకుమించిన భాషలు మాట్లాడేవారికి ఒకే భాష మాట్లాడేవారికంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా జబ్బు బయటపడింది. బడికి వెళ్ళిన చదువే ఈ తేడాకు కారణమేమో అన్న అనుమానం సహజం; కాని అక్షరం ముక్క రానివారిలో కూడా అదే తేడా కనబడింది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, పనిచోట హిందీ మాట్లాడుతూ బతికిన మనిషి మెదడు, దానిలో చేరిన ముద్దలతో ఏళ్ళ తరబడి సర్దుకుపోగలదంటే, ముద్దకూ జబ్బుకూ మధ్య మరేదో పెద్ద సంగతి ఉన్నట్టే లెక్క. ఒడియా, బెంగాలీ, హిందీ, తెలుగు ఒకే టీకొట్టు దగ్గర కలగాపులగంగా వినబడే రేవు పట్టణానికి ఈ ఫలితం పరాయిది కాదు.

ముద్ద పోతే జబ్బు పోతుందా అన్నది రెండో ప్రశ్న. అమైలాయిడ్‌కు వ్యతిరేకంగా తయారుచేసిన తొలి టీకా ప్రయోగాన్ని, కొందరు రోగుల మెదడుకు వాపు రావడంతో 2002లో ఆపేశారు. తర్వాతి సంవత్సరాలలో చనిపోయిన కొందరి మెదళ్ళను పరీక్షించి 2008లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఫలితం మాత్రం ఈ వాదానికి గొంతులో వెలక్కాయ. టీకా తన పని తాను చేసింది. కొందరిలో మచ్చలు దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. అయినా వారు తీవ్రమైన మతిమరుపుతోనే కన్నుమూశారు. ఆ తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా ఎన్నో మందులు విఫలమయ్యాయి. 2021 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, తన సొంత నిపుణుల సంఘం వద్దన్నా, మచ్చలు తగ్గుతున్నాయన్న ఒక్క ఆధారంతో అడుకానుమాబ్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. అభిప్రాయం చట్టంగా మారిన ఘట్టం అది. మూడేళ్ళు తిరగకుండానే తయారీ కంపెనీ ఆ మందును విరమించుకుంది.

అమైలాయిడ్ మచ్చలను తొలగించే మరో మందు లెకానెమాబ్ సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. 1,795 మంది మీద 18 నెలలు జరిగిన ప్రయోగంలో మందు తీసుకున్నవారి క్షీణత 27 శాతం నెమ్మదించిందని 2022లో ప్రకటించారు; ఈ ఫలితం గణాంక పరీక్షకు నిలిచింది. కాని ఆ శాతం వెనుక ఉన్న కొలబద్దను దగ్గరగా చూడాలి. జ్ఞాపకం, దిశాజ్ఞానం, నిర్ణయశక్తి, ఊరి వ్యవహారాలు, ఇంటి పనులు, ఒంటి శుభ్రత అనే ఆరు అంశాలకు ఒక్కోదానికి సున్నా నుండి మూడు వరకు వేసే మార్కుల మొత్తం 18. అందులో అతిచిన్న మెట్టు అర మార్కు. మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ మధ్య వచ్చిన తేడా 0.45. రోగి దగ్గర కూర్చొని మార్కులు వేసే వైద్యుడు కలంతో వేయగలిగిన అతిచిన్న తేడాకంటే కూడా అది తక్కువ. దానికి ప్రతిగా మందు తీసుకున్నవారిలో ఎనిమిదిమందికి ఒకరి చొప్పున మెదడు పొరల్లో నీరు చేరింది. మెదడులోని మచ్చలు మాత్రం చాలామందిలో బాగా తగ్గాయి. దోషిని ఊరి నుండి వెళ్ళగొట్టాక కూడా దొంగతనాలు దాదాపు ముప్పాతిక పాలు అలాగే సాగుతుంటే, పట్టుబడినవాడు ఒక్కడే దొంగ కాదనుకోవడం లోకజ్ఞానం. పార్కిన్సన్ విషయంలో ఆ మాత్రం ఊరట కూడా దొరకలేదు; ఆల్ఫా సిన్యూక్లిన్‌ను పట్టుకునే రెండు ప్రతిదేహాలు రోగి నడకలో గాని వణుకులో గాని చెప్పుకోదగ్గ మేలు చేయలేదని 2022లో రెండు ప్రయోగాలు తేల్చాయి.

ఇక్కడ ఒక మాట. అమైలాయిడ్ వాదానికి ఊతంగా చాలాకాలం ఉదహరింపబడిన 2006 నాటి ఒక ప్రసిద్ధ పరిశోధనా పత్రంలోని చిత్రాలు మార్చినవన్న ఆరోపణలు రుజువై, దాన్ని 2024లో ఉపసంహరించారు. ఆ ఒక్క పత్రం కూలినంత మాత్రాన వాదమంతా కూలిందని కేకలు వేసేవారు తమ ఖండనను తామే చులకన చేసుకుంటున్నారు. వాదంలోని లోపం మోసంలో లేదు, మితిమీరిన విశ్వాసంలో ఉంది. పైగా ముద్ద ఎల్లవేళలా శత్రువేనన్న నమ్మకం కూడా చెల్లదు. నాడీకణాలను నశింపజేసే మరో జబ్బయిన హంటింగ్టన్ వ్యాధి ప్రొటీన్‌ను నాడీకణాలలో ప్రవేశపెట్టి ఒక్కో కణాన్నీ రోజుల తరబడి గమనించిన 2004 నాటి ప్రయోగంలో, ముద్దలు కట్టిన కణాలే ముద్దలు కట్టనివాటికంటే ఎక్కువకాలం బతికాయి. విషాన్ని ఒక మూలకు ఊడ్చిపెట్టుకున్న కణం బతికింది, ఊడ్చలేనిది చచ్చింది. చెత్తబుట్టను చూసి ఇల్లు మురికిదనడం ఎంత సబబో, ముద్దను చూసి అదే రోగమనడం అంతే సబబు.

ఇక మూడో ప్రశ్న, ముద్ద లేనిచోట జబ్బు ఉండగలదా అన్నది. పార్కిన్ అనే జన్యువు దెబ్బతిని చిన్న వయసులోనే పార్కిన్సన్ వచ్చిన చాలామంది మెదళ్ళలో ల్యూయీ ముద్దలు కనబడలేదు. ఎల్ఆర్ఆర్‌కే2 జన్యువు దెబ్బతిన్నవారిలో కూడా ఎందరికో అవి లేవు. వారి అవస్థకు మాత్రం ఏ కొదవా లేదు. ఇవి అరుదైన జన్యువుల సంగతులని సర్దిచెప్పేవారికి అరుదుకాని ఒక లోహం, మాంగనీసు గురించి చెప్పవలసి ఉంది.

భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో అప్పటి విశాఖపట్నం జిల్లాలో, విజయనగరం సీమలోని కోడూరు దగ్గర మొదలైంది. దేశంలోని మాంగనీసు నిల్వల మీద 1909లో బృహద్గ్రంథం వెలువరించిన భూగర్భశాస్త్రవేత్త ఫెర్మర్ ఒక రాతి జాతికి కోడూరైట్ అని ఆ ఊరి పేరే పెట్టాడు. మధ్య పరగణాల ఖనిజాన్ని దగ్గరిదారిన సముద్రానికి చేర్చాలన్న కోరిక నుండే రాయపూర్ - విజయనగరం రైలుమార్గం, దాని చివర విశాఖ రేవు రూపుకట్టాయి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఈ రేవులోకి తొలిసారి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. 1948లో ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రం నుండి జల ఉష నీళ్ళలోకి దిగింది. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారానికి గర్భాంలో సొంత మాంగనీసు గని ఉంది. ఉక్కుకు మాంగనీసు అలంకారం కాదు, ప్రాణం. కరిగిన ఉక్కును లాడిల్‌లోకి వంచేటప్పుడు వేసే సిలికోమాంగనీసు ముక్కలు అందులోని ఆక్సిజన్‌నూ గంధకాన్నీ పట్టుకోకపోతే, ఎర్రగా కాగిన దిమ్మె రోలింగు మిల్లులో చీలికలు వారుతుంది. అంటే ఖనిజం తవ్వడం దగ్గర నుండి ఓడ రేకులు అతకడం వరకు ఈ ఊరి బతుకుతెరువులో మాంగనీసు తగలని చోటు తక్కువ.

ఒంటికి మాంగనీసు అవసరమే, కాని లవలేశం. తిండితో లోపలికి పోయినదాన్ని పేగులు కావలసినంతే తీసుకుంటాయి, ఎక్కువైతే కాలేయం పిత్తంతో బయటికి పంపేస్తుంది. ముక్కుతో పీల్చినప్పుడు ఈ కాపలా అంతా తప్పిపోతుంది. ఓడ అడుగున రెండు రేకుల నడుమ ఉండే ఇరుకు అరలోకి మనిషి పట్టేంత రంధ్రం గుండా దిగి, మోకాళ్ళమీద కూర్చొని వెల్డింగు చేసే పనివాడి ముఖానికి జానెడు దూరంలో లేచే పొగలో, వెల్డింగు రాడ్ పూతలోనూ తీగలోనూ ఉన్న మాంగనీసు ఆవిరై, మైక్రానులో పాలు పరిమాణంలో ఉన్న రేణువులుగా గట్టిపడుతుంది. ఊపిరితిత్తుల అట్టడుగు గదుల వరకు దూసుకుపోవడానికి ఇంతకంటే అనువైన పరిమాణం లేదు. అక్కడి నుండి రక్తంలో కలిసి, కాలేయపు చెక్‌పోస్టు దాటనవసరం లేకుండానే మెదడుకు చేరుతుంది.

ఆ తర్వాత జరిగేదాన్ని మొదట రాసినవాడు జాన్ కూపర్. గ్లాస్గోలోని ఒక రసాయన కర్మాగారంలో మాంగనీసు ఖనిజాన్ని పొడి కొట్టే ఐదుగురు పనివాళ్ళు కాళ్ళలో బలం పోయి, తూలిపోతూ, మాట పీలబోయి కనబడ్డారని, కాని వారికి వణుకు లేదని 1837లో అతడు ప్రచురించాడు. జేమ్స్ పార్కిన్సన్ తన వ్యాసం వెలువరించి అప్పటికి ఇరవై ఏళ్ళే అయింది. తర్వాత చిలీ దేశపు గని కార్మికులలో ఈ జబ్బు తొలిదశ ఎంత వింతగా ఉండేదంటే, కారణం లేని నవ్వులూ ఏడుపులూ చూసి జనం దానికి మాంగనీసు పిచ్చి అని పేరు పెట్టారు. పిచ్చి తగ్గాక అసలు బాధ మొదలవుతుంది. ముఖం కదలికలేని ముసుగులా మారుతుంది. మడమలు నేలకు ఆనక, మోచేతులు వంగి, మనిషి కోడిపుంజులా ముందరి పాదాల మీద అడుగులేస్తాడు. వెనక్కి నడవమంటే రెండడుగులకే వెల్లకిలా పడతాడు. పార్కిన్సన్‌లో ప్రధానంగా దెబ్బతినేది మెదడు మూలంలోని నల్లపదార్థం. ఇక్కడ దెబ్బతినేది దానికి పైన, పాలిడమ్ అనే లేతరంగు భాగం. ఎంఆర్ఐ తీస్తే లోహం చేరిన ఆ భాగం తెల్లగా వెలుగుతుంది. మరణానంతరం పరీక్షించిన మెదళ్ళలో ల్యూయీ ముద్దలు ఈ జబ్బుకు గుర్తుగా కనబడలేదు. ప్రొటీన్ పట్టికలో ఈ మనిషికి గడి లేదు.

పార్కిన్సన్‌కు ఈనాటికీ పట్టుగొమ్మ అయిన లీవోడోపా చికిత్స కూడా మాంగనీసు వాసన తగలనిది కాదు. చిలీ గని కార్మికుల ఒంట్లో ఈ లోహం ఎలా తిరుగుతుందో పరిశోధించిన జార్జ్ కోట్జియాసే, 1967లో పెద్ద మోతాదు లీవోడోపాతో పార్కిన్సన్ రోగులు లేచి నడిచారని లోకానికి చాటాడు. (ఆ పదార్థాన్ని దూలగొండి గింజల నుండి మద్రాసులో దామోదరన్, రామస్వామి అప్పటికి మూడు దశాబ్దాల క్రితమే, 1937లో వేరుచేశారన్నది దక్షిణాదివారు మరచిపోయిన మరో సంగతి.) ఇంకో విచిత్రమేమంటే, కోట్జియాస్ మందు పార్కిన్సన్ రోగికి ఇచ్చినంత ఉపశమనం మాంగనీసు రోగికి ఇవ్వదు. అందువల్ల ఇద్దరినీ వేరుగా గుర్తించడం పుస్తకాల చర్చ కాదు. ఒకరికి మాత్ర చాలు, మరొకరిని ముందు పనిచోటు నుండి తప్పించాలి.

ఇది వేరే జబ్బు, పార్కిన్సన్ కాదు, కనుక తమ వాదానికి దీనివల్ల నష్టం లేదని ప్రొటీన్ పక్షంవారు అంటారు. పుస్తకంలో వేరే జబ్బే. కాని ఒళ్ళు బిగుసుకుపోయి, నడక చెదిరిన యాభై ఏళ్ళ మనిషి ఓపీ చీటీతో వచ్చి నిలబడినప్పుడు అతడి నుదుటిమీద ఏ జబ్బో రాసి ఉండదు. చూసేవారి తలలో ఉన్న సిద్ధాంతమే అతడిని ఏ ప్రశ్న అడగాలో నిర్ణయిస్తుంది. సిద్ధాంతం ప్రొటీన్ చుట్టూ తిరుగుతున్నంతకాలం, 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జినీ ప్రతి రోగినీ తప్పక అడగమన్న ప్రశ్న, నువ్వు చేసే పని ఏమిటన్నది, కేసు షీటులో వృత్తి అన్న గడి దగ్గర కూలీ అనో రిటైర్డ్ అనో ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. ఏ షాపులో, ఏ యంత్రం దగ్గర, ఎన్నేళ్ళు, గాలి ఆడే చోటా కాదా అన్నది ఎవరికీ పట్టదు.

చట్టానికి మాత్రం ఈ సంగతి ఏనాడో తెలుసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, వైద్యుడు చూసిన వెంటనే ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల వరుసలో మాంగనీసు విషప్రభావాన్ని చేర్చారు. పనివాళ్ళ నష్టపరిహార చట్టం దాన్ని వృత్తి వ్యాధిగా లెక్కించింది. గాలిలో ఉండదగిన హద్దులను సూచించే అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం, లోతుకు చేరే మాంగనీసు ధూళికి హద్దును 2013లో ఘనపు మీటరుకు 0.02 మిల్లీగ్రాములకు దించింది. అంతకుముందు మొత్తం మాంగనీసుకు అది పెట్టిన హద్దు 0.2. పనివాడి ముక్కు దగ్గర పట్టిన గాలి వల్ల దిగిన హద్దు అది; అతడి మెదడులో ఏ ప్రొటీన్ ఎలా మడతపడిందో తెలియనవసరం లేకపోయింది.

ప్రొటీన్ పక్షానికి మిగిలిన చివరి ఆసరా, ప్రయోగశాలలో మాంగనీసు తగిలిన కణాలలో ఆల్ఫా సిన్యూక్లిన్ కూడా ముద్దలు కడుతుందన్న పరిశీలన. అది నిజమే అనుకున్నా వాదం ఎటు మొగ్గుతుంది? ప్రొటీన్‌ను వంచినది లోహమైతే, వంగిన ప్రొటీన్ నడిమి మెట్టు అవుతుందే గాని మొదటి మెట్టు కాదు. ఇక్కడ కంటి కటకాన్ని మళ్ళీ తలచుకోవడం మేలు. దానికి పట్టే శుక్లం కూడా మడత తప్పిన క్రిస్టలిన్ల పోగే. అయినా శుక్లానికి కారణం క్రిస్టలిన్ అని ఏ కంటి డాక్టరూ చెప్పి ఊరుకోడు. వయసు, మధుమేహం, పొగ, ఎండలో గడిపిన ఏళ్ళు, వాడిన స్టిరాయిడ్లు అన్నీ అడుగుతాడు. కంటిలో కటకం తీసి మరొకటి పెట్టే వెసులుబాటు ఉన్నప్పటికీ అడుగుతాడు. మెదడులో ఆ వెసులుబాటే లేదు, ప్రశ్నలు మాత్రం మరీ తక్కువ.

ప్రొటీన్‌నే జబ్బుగా చూసే ఈ ధోరణి తగ్గుముఖం పట్టకపోగా ఇప్పుడు నిర్వచనాలకెక్కింది. రోగికి లక్షణం ఉన్నా లేకపోయినా, వెన్నునీటిలో వంకర సిన్యూక్లిన్ దొరికితే దాన్నే జబ్బుగా లెక్కించాలని 2024 ఆరంభంలో రెండు బృందాలు లాన్సెట్ న్యూరాలజీలో ప్రతిపాదించాయి. అదే ఏడాది అల్జీమర్స్‌ను కూడా రక్తంలోనో స్కానులోనో కనబడే ప్రొటీన్ గుర్తులతోనే నిర్వచించాలని అమెరికాలోని అల్జీమర్స్ సంఘపు నిపుణులు తీర్మానించగా, లక్షణం లేనివారిని రోగులనడం తగదని మరో అంతర్జాతీయ బృందం అడ్డుచెప్పింది. ఈ నిర్వచనాలు నిలబడితే చురుగ్గా ఉన్న ఆ సన్యాసిని రోగి అవుతుంది, కోడిపుంజు నడక నడిచే గని కార్మికుడు ఏ జబ్బూ పట్టని అనామకుడవుతాడు. అదే 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు కేసుల్లో దాదాపు 45 శాతానికి వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, పొగాకు, గాలి కాలుష్యం, కంటిచూపు లోపం వంటి 14 అంశాలతో లంకె ఉందని, వాటిని సరిదిద్దవచ్చని లెక్కగట్టింది. కర్మాగారాల హోరులో చెవులు, రేవు ధూళిలో ఊపిరితిత్తులు పణంగా పెట్టి బతికే జనమున్న ఊరికి ఈ జాబితా ఏ ఇంజెక్షనుకంటే కూడా ఎక్కువ పనికొస్తుంది. దాన్ని అమ్ముకొనే కంపెనీ లేదు కాబట్టి దాని గురించి ప్రకటనలు రావు.

కారణాన్ని పనిచోటులో వెతికినవారూ ఉన్నారు. తైవాన్‌లోని ఒక ఫెర్రోమాంగనీసు కర్మాగారంలో కొలిమి ఎలక్ట్రోడ్లను బిగించే పని చేసిన ఎనిమిదిమందిలో ఆరుగురు మాంగనీసు జబ్బు పాలయ్యారు. రోజుకు అరగంట చొప్పున, వారంలో ఏడు రోజులూ, ఘనపు మీటరుకు 28 మిల్లీగ్రాములకు పైబడిన మాంగనీసు గాలిని వారు పీల్చారు. ఆ పని మానేసిన ఏళ్ళ తర్వాత కూడా వారి నడక దిగజారుతూనే వచ్చింది, లీవోడోపా ఇచ్చిన మేలు నిలవలేదు. ఈ ఉదంతం 1989లో బ్రిటన్ వృత్తివ్యాధుల పత్రికలో వచ్చింది. రాసినవారు జబ్బుకు కారణాన్ని పత్రం శీర్షికలోనే పెట్టారు. ఆ కారణం, పాడైపోయినా మరమ్మతు చేయించకుండా వదిలేసిన గాలి తోడే ఏర్పాటు.